చేనులో విషం, వంటింట్లో విరుగుడు?

(కరణ్‌కోటలో మహిళా సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"మందు కొట్టి వచ్చిన మనిషికి ఏం పెడితే మంచిది?" నేను తిరిగిన ప్రతి ఊళ్ళోనూ ఈ ప్రశ్న అడిగారు. అడిగింది ఎప్పుడూ ఆడవాళ్ళే. బెల్లం పెట్టాలా, మజ్జిగ ఇవ్వాలా, నిమ్మకాయ నీళ్ళు తాగించాలా అని. ఈ మధ్య ప్రశ్న కొంచెం మారింది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా పిల్లలు లేరు, పురుగుమందుల వల్ల మగవాళ్ళలో బలం పోతుందంటున్నారు, పసుపు, ఉసిరి, మునగాకు తింటే ఆ దోషం పోతుందట గదా, నిజమేనా అని. కొందరు పొడి డబ్బాలు కొంగులో దాచుకుని తెచ్చి చూపిస్తారు. డబ్బా మీద ఆకుల బొమ్మ ఉంటుంది. లోపల ఏముందో రాసిన అక్షరాలు మాత్రం కళ్ళద్దాలు పెట్టుకున్నా కనబడవు.

ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. దీని వెనుక కాపురాలున్నాయి. అందుకని కొంచెం ఓపిగ్గా, మొదటినుంచీ మాట్లాడుకుందాం.

మన వాడుకలో గొడ్రాలు అనే మాట ఉంది. మగవాడికి దానికి జంట మాట లేదు. మాటే లేనప్పుడు అనుమానం ఎక్కడినుంచి వస్తుంది? నాకు తెలిసిన ఒక చెల్లెలు ఉంది, ఊరు చెప్పను. ఏడేళ్ళలో నాలుగు దవాఖానలు తిరిగింది. స్కానింగులు చేశారు, గర్భసంచిలోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీశారు, మత్తిచ్చి పొట్టకు రంధ్రం చేసి గొట్టంతో లోపల చూశారు. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. బాగానే ఉంటే పిల్లలెందుకు లేరని అత్త మళ్ళీ ఆమెనే తిట్టింది. ఆమె భర్త పదిహేనేళ్ళుగా పత్తికీ కందికీ కూలికి మందు కొడుతున్నాడు. అతని వీర్యపరీక్ష జరిగింది ఏడో ఏట. సీసాలో నమూనా ఇవ్వడం తప్ప ఇందులో కోత లేదు, నొప్పి లేదు. పిల్లలు లేని జంటకు చేసే పరీక్షల్లో అన్నిటికన్నా చవకైనది, మొదట చెయ్యవలసినది ఇదే. అది చిట్టచివర జరిగింది. కణాలు చాలా తక్కువగా ఉన్నాయి.

లోకంలో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. పిల్లలు కలగని జంటల్లో సుమారు సగం మందిలో మగవాడి వైపు కారణం కూడా ఉంటుంది. అయినా పరీక్షలన్నీ ఆడదాని శరీరం మీదనుంచే మొదలవుతాయి. చట్టం రాసినవాళ్ళు కూడా దీనికి అతీతులు కాదు. మాయమందుల ప్రకటనలను నిషేధిస్తూ 1954లో చేసిన చట్టంలో, ఫలానా జబ్బులు నయం చేస్తామని ప్రకటించకూడదు అని ఒక జాబితా ఉంది. అందులో "స్త్రీలలో వంధ్యత్వం" అని ఉంది. మగవాళ్ళ దగ్గరకు వచ్చేసరికి లైంగిక అశక్తత ఉందిగాని వంధ్యత్వం లేదు. పడకగదిలో బాగానే ఉన్న మగవాడికి వీర్యకణాలు లేకపోవచ్చునన్న ఆలోచన ఆ జాబితా రాసినవాళ్ళకు వచ్చినట్టు లేదు.

ఇప్పుడు విషం సంగతి. విషానికి మందు అని పేరు పెట్టుకుని పిలిచే భాష మనది.

1977లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని లాత్రోప్ అనే చోట పురుగుమందులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీ ఉండేది. అక్కడి కార్మికులు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటుండగా, ఒకే విభాగంలో పనిచేస్తున్న తమలో చాలామందికి కొన్నేళ్ళుగా పిల్లలు పుట్టలేదని గమనించారు. డాక్టర్లు కనిపెట్టలేదు, కంపెనీ చెప్పలేదు. కార్మికులే కనిపెట్టారు. పరీక్ష చేస్తే కొందరికి వీర్యకణాలు చాలా తక్కువ, కొందరికి అసలే లేవు. వాళ్ళు కలుపుతున్న విషం పేరు డిబిసిపి, వేర్లకు పట్టే నులిపురుగులను చంపేది. ఇందులో నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం ఒకటుంది. ఈ విషం ఎలుకల వృషణాలను కుంగదీస్తుందని 1961లోనే పరిశోధన అచ్చయింది. చేయించింది తయారుచేసే కంపెనీలే. ఎలుకల్లో కదా అని పదహారేళ్ళు ఊరుకున్నారు. 1979లో అమెరికా ప్రధాన భూభాగంలో దాన్ని ఆపారు. కాని అంతకుముందూ ఆ తరవాతా కోస్టారికా, నికరాగువా వంటి దేశాల అరటితోటలకు అది వెళ్ళింది, అక్కడి కూలీలు వేలసంఖ్యలో సంతానం కోల్పోయారు. ఈ ఎలుకల మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇంత దూరం ఎందుకు, మన దగ్గరే చూద్దాం. ఉస్మానియా విశ్వవిద్యాలయం జన్యుశాస్త్ర సంస్థకు చెందిన డి.ఎస్. రూప, పి.పి. రెడ్డి, ఓ.ఎస్. రెడ్డి 1991లో ఒక అధ్యయనం ప్రచురించారు. పత్తి చేలల్లో మందు కలిపి కొట్టే మగవాళ్ళు ఉన్న 1,016 జంటలను, ఆ పని చెయ్యని 1,020 జంటలతో పోల్చారు. మందు కొట్టేవాళ్ళ కుటుంబాల్లో సంతానం లేకపోవడం ఎక్కువగా ఉంది. గర్భస్రావాలు, చనిపోయి పుట్టిన బిడ్డలు, పుట్టిన కొద్దిరోజులకే పోయిన బిడ్డలు, అవకరాలతో పుట్టిన బిడ్డలు కూడా ఎక్కువే. ఇక్కడ ఒక క్షణం ఆగి ఆలోచించండి. మందు కొట్టింది మగవాడు, కడుపు పోయింది ఆమెకు. "నీ కడుపు నిలవదు" అన్న మాట పడిందీ ఆమే.

1991 అధ్యయనం నాటి విషాలలో కొన్ని ఇప్పుడు లేవు. కేరళలో కాసర్‌గోడ్ పిల్లలను ఏళ్ళతరబడి హింసించిన ఎండోసల్ఫాన్‌ను 2011 మే నెలలో సుప్రీంకోర్టు ఆపించింది. అక్కడి మగపిల్లలు ఈడేరడం ఆలస్యమవుతోందని అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ వాళ్ళు 2003లోనే చూపించారు. మనకు బాగా తెలిసిన మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని 2005లోనే అన్నారు, ద్రవరూపంలో అమ్మే 36 శాతం మందును 2023 ఉత్తర్వుతో నిషేధించారు. దానికి అంతకాలం ఎందుకు పట్టిందో నేను విడమరచి చెప్పనక్కర లేదు. ఒకటి పోతే ఇంకొకటి అంగట్లోకి వస్తూనే ఉంది.

విషం వీర్యకణాలను ఎట్లా చెడగొడుతుంది? దారులు రెండు మూడున్నాయి. హార్మోన్లను తారుమారు చెయ్యడం ఒకటి. కణంలోని జన్యుపదార్థాన్ని తెంపడం ఒకటి. మూడోదానికి వంటింటి పోలిక చెబుతాను. వాడిన నూనె కొన్నాళ్ళు ఉంచితే చెడువాసన వస్తుంది గదా, గాలిలోని ప్రాణవాయువు ఆ కొవ్వును పాడుచేస్తుంది. వీర్యకణం పైపొర అట్లా త్వరగా చెడిపోయే రకం కొవ్వుతో తయారై ఉంటుంది. దెబ్బ తగిలితే బాగుచేసుకునే సరంజామా ఆ కణంలో చాలా తక్కువ, తోక తప్ప పెద్దగా ఏమీ ఉండదు దానికి. పురుగుమందులు శరీరంలోకి చేరినప్పుడు ఈ చెడగొట్టే చర్య పెరుగుతుంది. పైపొర దెబ్బతిన్న కణం సరిగా ఈదలేదు. ఈ చర్యను అడ్డుకునే పదార్థాలనే యాంటీ ఆక్సిడెంట్లు అంటారు. ఉసిరికాయలో, జామపండులో ఉండే సి విటమిను, నూనెగింజల్లో ఉండే ఇ విటమిను, టమాటాకు ఎరుపునిచ్చే లైకోపిన్, పసుపులోని కర్కుమిన్, ఉల్లిగడ్డలోని క్వెర్సెటిన్, మునగాకులోని కెరోటిన్, ఇవన్నీ ఆ కోవకు చెందినవే. కాబట్టి డబ్బా అమ్మేవాడు చెప్పేది పచ్చి అబద్ధం కాదు. అందుకే అది ప్రమాదం.

ప్రయోగశాలల్లో ఏం జరిగింది? మగ ఎలుకలకు క్లోర్‌పైరిఫాస్, సైపర్‌మెత్రిన్ వంటివి తినిపించారు. వీర్యకణాలు తగ్గాయి, వృషణాలు దెబ్బతిన్నాయి. విషంతోపాటు సి, ఇ విటమిన్లో, కర్కుమినో ఇచ్చిన ఎలుకల్లో నష్టం తక్కువగా కనబడింది. ఇట్లాంటి పరిశోధనలు చాలా ఉన్నాయి, ఒకదాన్నొకటి బలపరుస్తూనే ఉన్నాయి. వాటిని నేను కాదనడం లేదు. కాని ఎలుకకు ఒకటే విషం, కొలిచి, విరుగుడుతో కలిపి ఇచ్చారు. మన దగ్గర కంది పూతకు వచ్చినప్పుడు శనగపచ్చ పురుగుకు ఒకటి, మారుకా పురుగుకు ఇంకొకటి, రెండూ కలిపి ఒకే పంపులో. పక్క చేనువాడు అదే రోజు పత్తికి వేరేది. కొలత ఏదంటే సీసా మూత. ఇక పసుపు సంగతి, కూరలో వేసే చిటికెడు పసుపులో కర్కుమిన్ కొద్దిగా ఉంటుంది, అందులోనూ పేగులు పీల్చుకునేది అతి తక్కువ. ఎలుకకిచ్చిన లెక్కకు మనిషి కూర సాటి రాదు.

మనుషుల మీద చేసిన పరీక్షలు చూద్దాం. అమెరికాలో 2,370 జంటల్లో మగవాళ్ళకు ఆరు నెలలు జింకు, ఫోలిక్ ఆమ్లం ఇచ్చి చూశారు. 2020లో ఫలితం వచ్చింది. బిడ్డలు పుట్టడంలో తేడా లేదు. అదే ఏడాది ఇంకో పరీక్ష ఫలితం వచ్చింది, 171 జంటలు. సి, ఇ విటమిన్లు, సెలీనియం, జింకు, లైకోపిన్ మొదలైనవి కలిపిన మాత్ర. వీర్యం నాణ్యత మెరుగుపడలేదు. ఇట్లాంటి పరీక్షలు 90 తీసుకుని, పదివేల మందికి పైగా మగవాళ్ళ వివరాలను కాక్రేన్ అనే సంస్థ 2022లో ఒకచోట చేర్చి చూసింది. కొంత మేలు ఉండవచ్చు, కాని రుజువు చాలా బలహీనంగా ఉంది అన్నది. నేను చెప్పిన ఆ రెండు పెద్ద పరీక్షలూ పిల్లల కోసం ఆస్పత్రులకు వచ్చిన జంటల మీద చేసినవే. చేలో పంపు భుజానికి తగిలించుకున్న కూలీల మీద చేసినవి కావు.

ఇక్కడే ఎలుకల మాట మళ్ళీ వస్తుంది. విషం హాని చేస్తుందని ఎలుకలు చూపించినప్పుడు "ఎలుకలు వేరు, మనుషులు వేరు" అన్నారు. ఇప్పుడు ఆకుపొడి కాపాడుతుందని ఎలుకలు చూపిస్తే అది డబ్బా మీద బొమ్మయి మన ఇంటికి వస్తోంది. రెండుసార్లూ లాభం అమ్మేవాడిదే.

మొక్క కదా, మంచే చేస్తుంది గాని చెడు చెయ్యదు అనుకోవడం కూడా సరికాదు. చైనాలో జియాంగ్సు ప్రాంతంలో 1950లలో శుద్ధిచెయ్యని పత్తిగింజల నూనె వంటకు వాడిన ఊళ్ళల్లో పిల్లలు పుట్టడం తగ్గిపోయింది. కారణం పత్తి మొక్కే తయారుచేసుకునే గాసిపాల్ అనే పదార్థం. 1970లలో వేలమంది మగవాళ్ళకు దాన్నే గర్భనిరోధక మాత్రగా ఇచ్చి చూశారు. కొందరిలో రక్తంలో పొటాషియం పడిపోయింది, కొందరికి మాత్ర మానేసినా కణాలు తిరిగి రాలేదు. అందుకని మానుకున్నారు. శుద్ధిచేసిన పత్తిగింజల నూనెతో ఆ భయం లేదు. మొక్కను నమ్మొద్దని కాదు నేను చెప్పేది, పేరు చూసి నమ్మొద్దంటున్నాను.

ఇంకో విడ్డూరం చెప్పాలి. యాంటీ ఆక్సిడెంట్ల కోసం ఏం తినమంటారు? కూరగాయలు, పండ్లు. అమెరికాలో బోస్టన్ నగరంలోని ఒక ఆస్పత్రిలో 155 మంది మగవాళ్ళను చూసి 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. పురుగుమందు అవశేషాలు ఎక్కువగా ఉండే పండ్లు, కూరగాయలు బాగా తినేవాళ్ళ వీర్యకణాల సంఖ్య, అవి తక్కువగా తినేవాళ్ళకన్నా 49 శాతం తక్కువ. విరుగుడు, విషం ఒకే పళ్ళెంలో. ఉప్పునీళ్ళలో కడిగితే పైనున్నది కొంత పోతుంది, మొక్క లోపలికి పాకే రకం మందు కడిగితే పోదు. దీనికి ఆడవాళ్ళం ఇంకా ఎంతసేపు కడగాలి?

నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇది. మునగాకు తినండి, ఉసిరి తినండి, పసుపు వేసుకోండి. రక్తహీనతకూ మంచిదే, కంటికీ మంచిదే. మీరు కూడా తినండి, మగవాళ్ళకు పెట్టి మిగిలింది కాదు. కాని విషం నుంచి భర్త వీర్యాన్ని కాపాడే బాధ్యత వంటింటిదే అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. రేపు పిల్లలు కలగకపోతే "నువ్వు సరిగ్గా తినిపించలేదు" అంటారు. గొడ్రాలు అన్న పాత నిందకు ఇది కొత్త ముఖం.

ఆ నిందను చట్టం హింసగా గుర్తించిందని మీలో ఎంతమందికి తెలుసు? 2005 గృహహింస నిరోధక చట్టం మూడో సెక్షనులో, బిడ్డ లేదనో మగబిడ్డ లేడనో అవమానించడం, ఎగతాళి చెయ్యడం మాటల హింస, మానసిక హింస కిందికి వస్తుందని స్పష్టంగా రాసి ఉంది. దెబ్బలు పడనక్కర లేదు. రక్షణ అధికారి ద్వారా గాని, నేరుగా గాని మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళవచ్చు. 181కి ఫోను చెయ్యవచ్చు. పిల్లలు లేరన్న సాకుతో రెండో పెళ్ళి చేసుకోవడం హిందూ వివాహ చట్టం కింద చెల్లదు, భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షను కింద ఏడేళ్ళ దాకా శిక్ష పడే నేరం. సంఘం తరఫున పంచాయితీకి వెళ్ళినప్పుడు ఈ రెండు మాటలతోపాటు మూడోది కూడా అడగండి: అతని పరీక్ష కాగితం ఏదీ? అది లేకుండా ఆ పంచాయితీలో కూర్చోవద్దు.

పరీక్ష గురించి ఒక చిన్న విషయం. ఒక వీర్యకణం తయారై బయటికి రావడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. కంది పూతమీద ఉన్నప్పుడు అక్టోబరు, నవంబరులో కొట్టిన మందు దెబ్బ జనవరి, ఫిబ్రవరిలో చేసిన పరీక్షలో కనబడుతుంది. అందుకని ఒక్క పరీక్షలో తక్కువ వచ్చిందని అతనికీ ముద్ర వెయ్యకండి. మందు పనికి మూడు నాలుగు నెలలు దూరంగా ఉంచి మళ్ళీ చేయించండి. డిబిసిపి కార్మికుల్లో పని మానిన తరవాత కొందరు కోలుకున్నారు. అసలే లేకుండా పోయినవాళ్ళలో చాలామంది కోలుకోలేదు. కారణం ప్రతిసారీ పురుగుమందే అని కూడా అనుకోకూడదు. వృషణాల దగ్గర నరాలు ఉబ్బడం, గవదబిళ్ళలు, ఇన్ఫెక్షన్లు, సారా, గుట్కా, బట్టీల దగ్గర గంటలకొద్దీ వేడి, ఇవి కూడా కారణాలే. డాక్టరుకు మాత్రం అతను ఏం పని చేస్తాడో, ఏ మందు కొడతాడో చెప్పండి. వాళ్ళు చాలాసార్లు అడగరు. మగవాళ్ళు పరీక్షకు రారు అని మీరంటారు, తెలుసు. సిగ్గుపడతారు, భయపడతారు. వాళ్ళు మన శత్రువులు కారు, ఆ విషం మొదట తాగుతున్నది వాళ్ళ చర్మమే. ఇంట్లో ఒంటరిగా భార్య అడిగితే గొడవవుతుంది, సంఘం అడిగితే వినే అవకాశం ఎక్కువ.

ఇంతసేపూ మగవాడి వీర్యం గురించి మాట్లాడాను, మందు మగవాడి పనే అన్నట్టు. డ్రమ్ముల్లోకి నీళ్ళు మోసేది ఎవరు? మందు కలిపేటప్పుడు పక్కన నిలబడేది ఎవరు? కొట్టిన మర్నాడే కలుపు తీసేది, పత్తి ఏరేది ఎవరు? ఆ బట్టలు ఉతికేది ఎవరు? 2003లో ఆంధ్రప్రదేశ్ పత్తి రైతుల మధ్య చేసిన ఒక అధ్యయనంలో ఆడవాళ్ళు కూడా విషప్రభావానికి గురవుతున్నారని, భూమి ఎక్కువున్నవాళ్ళకన్నా సన్నకారు రైతులకు దెబ్బ తీవ్రంగా తగులుతోందని తేలింది. మందు బట్టలు ఇంటి బట్టలతో కలపకండి, వాటిని అతన్నే నీళ్ళలో ముంచమనండి. ఖాళీ డబ్బాలో పప్పు పోసుకోకండి. 1971 పురుగుమందుల నియమాలు రక్షణ దుస్తులు ఉండాలంటాయి. ఈ ఎండల్లో రబ్బరు దుస్తులు వేసుకుని ఎవరూ మందు కొట్టలేరని మనకూ తెలుసు, నియమం రాసినవాళ్ళకూ తెలిసే ఉంటుంది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయినప్పుడు, ముసుగు కట్టుకోలేదని చచ్చినవాళ్ళనే తప్పుపట్టారు.

మందు లేకుండా పంట రాదు అనేవాళ్ళకు పునుకుల చూపించండి. అప్పటి ఖమ్మం జిల్లాలో ఉన్న ఆ ఊరు పురుగుమందులు మానేసిందని 2004 నాటికే ప్రకటించుకుంది. ఆ నిర్ణయం వెనుక మహిళా సంఘాలు గట్టిగా నిలబడ్డాయి. తరవాత జనగామ వైపు ఏనెబావి కూడా ఆ దారిన నడిచింది. మన కందికైతే దారి పెద్దలకు తెలిసినదే. పురుగు పడ్డప్పుడు ముగ్గురు నలుగురు కలిసి చెట్లు దులిపి, కింద పట్ట పరిచి పురుగులు ఏరేవారు. వేపగింజల కషాయం, లింగాకర్షక బుట్టలు, పక్షులు వాలడానికి చేలో పాతే కొమ్మలు, వీటికి డబ్బు తక్కువ, చాకిరీ ఎక్కువ. ఆ చాకిరీ మళ్ళీ ఆడవాళ్ళ మీదే పడితే నేను ఒప్పుకోను. దులిపే పనికి కూలి కట్టి లెక్క రాయాలి. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరుతో పప్పు ఎక్కువ ధరకు అమ్ముకోవచ్చంటున్నారు. ఆ ధరలో విషం తగ్గించిన రైతుకు, దులిపిన కూలికి వాటా ఎంతో అడిగే హక్కు మనకుంది.

ఇప్పుడు కాగితం, పెన్ను తీయండి. ప్రతి సంఘానికీ ఒక నోటుబుక్కు పెట్టుకుందాం. ఈ పంటకాలంలో మీ వాడకట్టులో ఎవరు, ఏ రోజు, ఏ మందు, ఎవరి చేలో కొట్టారు, డబ్బా మీద త్రికోణం ఎరుపా, పసుపా, నీలమా, ఆకుపచ్చా, ఇంటికొచ్చాక తలనొప్పి, వాంతి, చూపు మసకలు వచ్చాయా అన్నది రాయండి. కడుపు పోయినవాళ్ళు, పిల్లలు లేనివాళ్ళు ఇష్టపడితేనే, పేరు లేకుండా, వేరే పేజీలో రాయండి. లాత్రోప్ కార్మికుల దగ్గర అంతకన్నా ఎక్కువ ఏమీ లేదు. చదువు రానివాళ్ళకు గుర్తులతో రాసే పద్ధతి ఇప్పుడు చూపిస్తాను, ముందు వరసలో ఉన్నవాళ్ళు కొంచెం జరగండి, వెనుకవాళ్ళకు కనబడాలి.